బండల మీద ఆడించిన అయ్యవారు

మా డ్రిల్లు అయ్యవారు పోయారని కబురొచ్చేసరికి నేను కోయిలకుంట్ల తాలూకా కచ్చేరీలో కాయితాల మధ్య ఉన్నాను. బస్సెక్కి కర్నూలు చేరేసరికి దహనం కూడా అయిపోయింది. ఏడుపు రాలేదు. ఎండన పడి వచ్చిన అలుపో, ఇన్నేళ్ళ అలుపో తెలియదు, వాళ్ళ అరుగు మీద ఊరికే కూలబడ్డాను.

మీలో చాలామందికి ఆయన తెలియదు. బాస్కెట్‌బాల్ అంటే గంపలో బంతి వేసే ఆటా అని జనం నవ్వే రోజుల్లో మా చేత ఆడించిన మనిషి. ఒట్టి కోపిష్ఠి. బంతి వేసి గంతులేస్తే ఆయనకు గిట్టదు. "బంతి చేతిలో ఉంటే ఎవడైనా ఆడతాడప్పా. లేనప్పుడు యాడ నిలబడుకోనుండావో అది జూస్తా నేను" అనేవారు. ఆట ముగిశాక మాత్రం అందరికీ తానే కుండలోంచి నీళ్ళు ముంచి పోసి, చివర తాను తాగేవారు.

కర్నూలు రాజధాని కావడంతో మా మైదానం నిండా ఆఫీసుల డేరాలు లేచాయి. అయ్యవారు ఒక వేరుశనగ వ్యాపారిని బతిమాలి, కాయలు ఆరబోసుకునే కళ్ళం సంపాదించారు. అంతా కడప బండలు పరిచిన నేల. రెండు గుంజలు పాతి ఏడాదంతా అక్కడే ఆడించారు. బండ మీద కొడితే బంతి రొమ్ము దాకా లేచేది. మా చేతులు ఆ ఎత్తుకే అలవాటు పడ్డాయి. ఇంతకంటే మంచి నేల ఎక్కడుంటుందని మురిసిపోయాం కూడా.

ఆ తర్వాత విదేశంలో పోటీలకు వెళ్ళే జట్టు కోసం మదరాసులో ఎంపికలు పెట్టారు. ఎంపిక చేసే ముగ్గురిలో మా అయ్యవారొకరు. అందులో చోటు దొరికితే, ఆట కోసమే ఉద్యోగమిచ్చి పోషించే పెద్ద జట్లు పిలుచుకుంటాయి. మా ఇంట్లో వానల్లేక పంట లేదు, అందరి కళ్ళూ నా మీదే. తీరా వెళితే అక్కడిది నీళ్ళు చల్లి చదును చేసిన మట్టినేల. బంతి మోకాలు దాటి లేవదు. నా చెయ్యి పైన, బంతి కింద. ఎన్నిసార్లు జారవిడిచానో! మిగతా ఇద్దరూ తటపటాయిస్తుంటే, నా పేరు కొట్టేయమన్నది అయ్యవారేనట.

తిరుగు రైల్లో అడిగాను, బండల సంగతి మీకు తెలుసు కదా, నా తరఫున ఒక్క మాట చెప్పకూడదా అని. ఆయన కిటికీ వైపు తిరిగారు.

"నిన్ను బండల మీద ఆడిచ్చింది నా తప్పే. దానికి ఇంకొకని చోటు నీకెట్లిచ్చేదప్పా?" అన్నారు.

న్యాయమే. ఆ న్యాయం మా ఇంట్లో పొయ్యి వెలిగించలేదు. ఈ గుమాస్తా ఉద్యోగం కోసం కచ్చేరీల చుట్టూ తిరిగి చెప్పిందీ ఆయనేనని తర్వాత తెలిసింది. అయినా వాళ్ళింటికి రాకపోకలు తగ్గిపోయాయి. పోను పోను కోపపడే ఓపిక కూడా పోయింది, దూరం మాత్రం మిగిలింది.

దినాలకు మళ్ళీ వెళ్ళాను. ఆయన భార్య లోపలి నుంచి ఒక ఉన్ని కోటు తెచ్చి నా ఒళ్ళో పెట్టింది.

"మదరాసు పోకముందే నీకని కుట్టిచ్చినాడప్పా. ఆ దేశంలో శానా చలంట, వీనికి కోటు యాడుండాది అని. మల్ల ఎవురికీ ఇయ్యనీలే" అంది.

ఆ నడి ఎండలోనే తొడుక్కున్నాను. చేతులు సరిగ్గా సరిపోయాయి. పొట్ట దగ్గర బొత్తాలు అందలేదు. ఉక్కకు చెమట కారిపోతోంది. ఇప్పేయప్పా అని ఆమె అంటూనే ఉంది. నేను అలాగే కూర్చున్నాను.