లోపలాయన

రాజోలు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన సాలమోను మాస్టారు తనని తాను "నేను" అనరు. "మేము" అంటారు. "మేం అన్నం తిన్నామండి", "రాత్రి మాకు నిద్ర పట్టలేదండి", "కూచోండి, మేం స్నానం చేసొస్తాం" అంటూ అన్నీ ఇదే వరస. కొత్తవాళ్ళు ఏ జమీందారో అనుకుని లేచి నిలబడతారు. పాతవాళ్ళు మాత్రం "ఇద్దరూ కులాసాయేనా మాస్టారూ" అని పలకరించి పోతుంటారు.

ఆ రెండో ఆయన ఎవరంటే, మాస్టారి ఎడమ భుజం కింద, చర్మం లోపల ఉన్న పేస్‌మేకరు. గుండె తాళం తప్పకుండా చూసుకునే చిన్న మిషను. దాన్ని ఎవరైనా మిషను అంటే మాస్టారు నొచ్చుకుంటారు. "లోపలాయన" అనాలి.

నేను అదే స్కూల్లో తెలుగు చెప్పినవాణ్ణి. ఇళ్ళు కూడా పక్కపక్కనే. జీవితమంతా పిల్లలకి ఏకవచనం, బహువచనం నేర్పి, ఆఖరికి ప్రహరీగోడ అవతలనుంచి రోజూ ఇది వినాల్సి రావడం నాకు పెద్ద శిక్ష అయిపోయింది. లెక్కల మాస్టారై ఉండి ఒకట్ని రెండంటే ఎలాగండీ అని ఓసారి అడిగేశాను. ఆయన నన్ను జాలిగా చూశారు.

"మీ వ్యాకరణం రాసినప్పటికి మనుషులు విడివిడిగా ఉండేవారండి. ఇప్పుడు మిషన్లతో కలిసిపోతున్నారు. మార్చుకోవాల్సింది మీరే."

హైదరాబాదులో కూతురి దగ్గర కొన్నాళ్ళుండి, భుజం కింద పట్టీతో దిగిన నాటినుంచీ ఆయన ధోరణి ఇదే. మనిషీ కృత్రిమ మేధా ఏకమయ్యే రోజు వస్తుందని ఎక్కడెక్కడో పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు కిందామీదా పడుతున్నారట. ఆ పని రాజోల్లో ఎప్పుడో అయిపోయిందనీ, ఆ సంగతి వాళ్ళకి చేరవేసేవాడు లేక పాపం ఇంకా కష్టపడుతున్నారనీ మాస్టారి వాదన.

ఈ వాదనంతా నడిచేది బస్టాండు దగ్గర జగ్గారావు టీ కొట్టులో. జగ్గారావుకి లోపలాయనంటే మహా గౌరవం. ఆయనకి కూడా టీ ఇమ్మంటారా అని రోజూ అడుగుతాడు. ఆయన టీ తాగరని మాస్టారు రోజూ చెబుతారు. ఎన్నికలప్పుడు జగ్గారావుకి ఇంకో అనుమానం వచ్చింది.

"అయితే మీకు రెండు ఓట్లాండి మాస్టారూ?"

"లేదండి. ఆయనకి ఇంకా పద్దెనిమిదేళ్ళు నిండలేదు."

టీ తాగని లోపలాయన పూతరేకుల విషయంలో మాత్రం అంత నిష్ఠగా ఉండరు. కొత్తపేటలో ఓ పెళ్ళికి వెళితే, వడ్డించేవాడు ఎంతమందండీ అన్నాడు. ఇద్దరమని చెప్పి మాస్టారు పక్కన ఇంకో ఆకు వేయించారు. ఆ ఆకులో పడ్డ పప్పూ కూరా వెనక్కి పంపించేశారు. పూతరేకులు మాత్రం ఉంచేశారు. "ఆయన తరఫున మేం తీసుకుంటామండి" అని మొహమాటపడుతూ రెండు ఆకుల్లోవీ తినేశారు. వరుసలో మా ఎదర కూచున్నవాళ్ళు నవ్వాపుకోలేక తింటం మానేశారు.

ఫోనులో మాట్లాడే కృత్రిమ మేధ వచ్చాక మాస్టారికి పట్టపగ్గాల్లేవు. వీధరుగు మీద కూచుని దాన్ని "మీకు చైతన్యం ఉందాండి?" అని అడిగారు. అది తనకి అలాంటిదేమీ ఉందని చెప్పలేనని, తాను ఒక ప్రోగ్రామునని వినయంగా జవాబిచ్చింది. మాస్టారు పొంగిపోయి నన్ను కేకేశారు.

"చూసేరా మాస్టారూ. చైతన్యం లేనివాడెవడైనా లేదని అంత మర్యాదగా చెబుతాడాండి? మనూళ్ళో ఉన్నవాళ్ళలో ఒక్కడి చేతైనా ఆ మాట అనిపించండి చూద్దాం."

ఊరుకోకుండా, మా లోపలాయన మిమ్మల్ని అడిగినట్టు చెప్పమన్నారండి అని దానితో అన్నారు. అది కంగారుపడి, గుండెలో ఇబ్బందేమైనా ఉంటే వెంటనే డాక్టరుని కలవమంది. చుట్టరికం కాకపోతే ఆరోగ్యం ఎందుకు అడుగుతారండి అని మాస్టారు ఆ సాయంత్రమంతా మురిసిపోయారు.

ఆదివారం చర్చిలో ఆయన పాస్టరుగారిని పట్టుకుని, లోపలాయనకి బాప్తిస్మం ఇప్పించాలా అక్కర్లేదా అని నిలదీశారు. పాస్టరుగారు నెమ్మదైన మనిషి. కాసేపు ఆలోచించి, ఆయన నోటితో ఆయనే అడిగితే అప్పుడు చూద్దామండి అన్నారు.

ఇంత గొడవలో ఊరు ఒక సంగతి మరిచిపోయింది. ఆ ఇంట్లో మొదట పేస్‌మేకరు పెట్టింది మాస్టారికి కాదు, వాళ్ళ అక్క సరోజినిగారికి. ఆవిడ చర్చిలో పాటలు ఎత్తుకునే మనిషి. ఆవిడ గొంతు విప్పితే రోడ్డు మీద సైకిళ్ళు నెమ్మదించేవి. ఆపరేషనయ్యాక పాట మానేశారు, గడప దాటడం మానేశారు. పరామర్శకి వచ్చినవాళ్ళు మొహం చూడకుండా భుజం చూసేవారు. చప్పుడు వినబడుతుందాండి అని ఒకరు, కరెంటు పోతే ఎలాగండి అని ఒకరు. ఎవరైనా వస్తే ఆవిడ వెనక గదిలోకి వెళ్ళిపోయేవారు.

కొన్ని నెలలకి మాస్టారికీ పేస్‌మేకరు పడింది. ఇక చూసేవాళ్ళందరికీ ఈయనే దొరికారు. ఆయన వీధిలో చేసే అల్లరి భరించలేక, తమ్ముణ్ణి లోపలికి లాక్కుపోవడానికి ఆవిడే వీధిలోకి రావడం మొదలుపెట్టారు. చర్చిలో ఏం మాట్లాడతాడో అన్న భయంతో ఆదివారాలు వెంట వెళ్ళేవారు. వెళ్ళాక పాట ఎత్తుకోకుండా ఎలా ఉంటారు?

మొన్న ఎండల్లో మా స్కూలువాళ్ళు మాస్టారిని కృత్రిమ మేధ మీద మాట్లాడమని పిలిచారు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, కంగారులో ఏమీ తినకుండా బయల్దేరారు. వేదికెక్కి చాలాసేపు బాగానే మాట్లాడారు. ఆఖర్న తొమ్మిదో తరగతి అమ్మాయి లేచి, మిషనుకి బాధ తెలుస్తుందా సార్ అని అడిగింది.

"అడిగి చెబుతామండి" అని మాస్టారు కళ్ళు మూసుకున్నారు.

లోపలాయన్ని సంప్రదిస్తున్నారనుకుని పిల్లలందరూ నిశ్శబ్దంగా ఎదురుచూశారు. హెడ్మాస్టరు చప్పట్లు కూడా మొదలుపెట్టారు. ఆ చప్పట్ల మధ్యనే మాస్టారు కుర్చీలోంచి మెల్లగా కిందకి జారిపోయారు.

మొహాన నీళ్ళు కొడితే కళ్ళు తెరిచారు. ఆస్పత్రి వద్దంటే వద్దన్నారు. గ్యాసే అన్నారు. నేను వినకుండా కారులో కూచోబెట్టి అమలాపురం తీసుకుపోయాను. డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ చిన్నపిల్ల. ఆయనకి లోపల పేస్‌మేకరుందమ్మా, జాగ్రత్త అని ముందే చెప్పాను. ఈసీజీ తీశారు, ఎక్స్‌రే తీశారు. కాసేపటికి ఆ అమ్మాయి ఫిల్ము పట్టుకుని బయటికొచ్చింది.

"గుండె బాగానే ఉందండి. ఖాళీ కడుపు, ఎండ. అంతే. పేస్‌మేకరన్నారు, అది ఎక్కడా లేదండి."

"సరిగ్గా చూడమ్మా. ఎడమవైపు ఉండాలి."

"రెండువైపులా చూసేనండి. మచ్చ కూడా లేదండి."

లోపలికి వెళ్ళాను. మాస్టారు మంచం మీద కూచుని గోడకేసి చూస్తున్నారు.

తిరిగొచ్చే దారిలో, వైనతేయ నది వంతెన దాటాక నోరు విప్పారు. ఆపరేషనయిన కొత్తలో సరోజినిగారు ఓ రోజు అద్దం ముందు కూచుని, నేను ఇప్పుడు మనిషినా మిషనా అని అడిగారట. ఈయన తనకొచ్చిన సైన్సంతా చెప్పారు. ఆవిడ విన్లేదు. మనుషులు కూడా నన్ను అలాగే చూస్తున్నారు కదరా అన్నారట.

"అక్క ఒక్కత్తీ అయిపోయిందండి. పోనీ ఇద్దరం ఉందామనుకున్నాను. పట్టీ మా అమ్మాయి వేసింది."

హైదరాబాదునుంచి దిగాక నా ఎదుట ఆయన "నేను" అనడం అదే మొదటిసారి. మీకూ మిషను పెట్టారని అక్కకి చెప్పి ఊరుకుంటే పోయేది కదా, ఓట్లూ బాప్తిస్మాలూ ఇదంతా ఎందుకండీ అన్నాను.

"జనానికి చూడ్డానికి ఎవరో ఒకరు కావాలి కదండి. నన్ను చూస్తుంటే అక్కని వదిలేసేరు." కారద్దం దించుతూ, "అదీగాక, అలవాటయ్యాక బాగుందండి" అన్నారు.

అక్కకి చెప్పనని నాచేత మాట తీసుకున్నారు.

సాయంత్రం సరోజినిగారు మా ఇంటికొచ్చారు. ఆస్పత్రిలో ఏమన్నారండి అని అడిగారు. వాళ్ళ తమ్ముడి పేస్‌మేకరు బ్రహ్మాండంగా పనిచేస్తోందని చెప్పాను. ఆవిడ నాకేసి చూసి నవ్వారు.

"మీకు అబద్ధం చేతకాదు మాస్టారూ. వాడి దగ్గర నేర్చుకోండి."

నేను కుర్చీ జరిపి కూచోమన్నాను.

"సెల్‌ఫోను పేస్‌మేకరున్న పక్క జేబులో పెట్టొద్దని నాకు డాక్టరుగారు మరీ మరీ చెప్పేరండి. వీడు హైదరాబాదునుంచి దిగడమే ఎడమ జేబులో ఫోనుతో దిగేడు. ఆ రోజే తెలిసిపోయింది."

తెలిసి ఇన్నాళ్ళూ ఎందుకు ఊరుకున్నారండీ అన్నాను.

"చెబితే పాపం, వాడు ఒక్కడే అయిపోతాడు కదండి."

ఆ తర్వాత వారం ఆవిడ చెకింగుకి వెళుతూ, ఒరేయ్ నీదీ చూపించుకుందువుగాని రారా అని తమ్ముణ్ణి వెంట తీసుకుపోయారు. మాస్టారి మొహం పాలిపోయింది. అయినా వెళ్ళక తప్పలేదు. తన డాక్టరుగారితో ఆవిడ ముందుగానే ఫోనులో మాట్లాడుకున్నారని ఆయనకి తెలీదు. డాక్టరుగారు స్టెతస్కోపు మాస్టారి ఎడమ భుజం కింద ఆనించి, కళ్ళు మూసుకుని, చాలాసేపు విన్నారట.

తిరిగొచ్చిన మాస్టారు గేటు దగ్గరే నన్ను ఆపేశారు. అక్క వెనకాలే సంచీ పట్టుకుని నిలబడి ఉన్నారు.

"లోపలాయన దివ్యంగా ఉన్నారన్నారండి డాక్టరుగారు. ఇంత నెమ్మదస్తుణ్ణి తన సర్వీసులో చూళ్ళేదట. ఒక్క చప్పుడు లేదట."

నేను సరోజినిగారి వైపు చూశాను. ఆవిడ ఎంతో నిబ్బరంగా తలూపారు.

"ఆయ్. నేనూ పక్కనే ఉన్నానండి."