రేకులవాళ్ళ అభిమానులు

ఇనుము మీద ఇనుము కొట్టి సంగీతం చేసే ఒక విదేశీ బ్యాండుకి మా వైపు ముగ్గురు అభిమానులుండేవాళ్ళం. నేను, మా అన్నయ్య, నందిగామలో క్యాసెట్లు రికార్డు చేసే అతను. ఇప్పుడీ మాట చెబితే ఎవరూ నమ్మరు. అప్పుడు నమ్మారు గానీ నవ్వారు.

జగ్గయ్యపేటలో మాది ఇనుప కొట్టు, దాని వెనకే ఇల్లు. మేకులు, గొలుసులు, చువ్వలు, రేకులు అమ్మేవాళ్ళం. అన్నయ్య కొట్లో కూర్చోకుండా ఐటీఐ చదివి, ఊరి బయట సిమెంటు ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్‌గా చేరాడు. "మన గల్లాపెట్టె మనకుండగా ఒకడి కింద చాకిరీ ఏంట్రా" అని నాన్న చాలాకాలం సణిగాడు. అన్నయ్యకి మోటార్లంటే ప్రాణం. అతన్ని మిల్లు దగ్గర వేశారు. పెద్ద ఇనుప పీపా ఒకటి గిరగిరా తిరుగుతుంటే, అందులో ఇనుప గుండ్లు దొర్లుతూ రాయిని పిండి చేస్తాయి. దాని పక్కన నిలబడితే మనిషి మాట మనిషికి వినపడదు. చెవుల్లో పెట్టుకోవడానికి కంపెనీ ఇచ్చేది దూది. అదీ అడిగినవాళ్ళకి.

ఎనభైల మొదట్లో ఆ ఫ్యాక్టరీలో కొత్త యంత్రాలు బిగించడానికి ఒక విదేశీ ఇంజనీరు వచ్చి కొన్ని నెలలున్నాడు. అన్నయ్యని తన వెంట తిప్పుకున్నాడు. వెళ్ళిపోతూ ఒక క్యాసెట్టు అన్నయ్య చేతిలో పెట్టి, వాళ్ళ దేశంలో కుర్రాళ్ళు కొందరు ఇలాంటి సంగీతం కొత్తగా మొదలుపెట్టారని చెప్పాడట.

వారాంతపు సెలవు రోజు మధ్యాహ్నం, నాన్న భక్తిపాటలు వినే టేపు రికార్డర్లో అన్నయ్య దాన్ని పెట్టాడు. ముందు చాలాసేపు సన్నటి హోరు. తర్వాత రేకు మీద సుత్తి దెబ్బలు. ఒకే వరసన, అలుపు లేకుండా. ఆ వెనక ఎక్కడో గొయ్యిలోంచి అరుస్తున్నట్టు ఒక మగ గొంతు.

"టేపు నలిగిందేమో చూడరా" అంది అమ్మ వంటింట్లోంచి.

నాన్న భోజనం దగ్గర్నుంచి లేచొచ్చాడు. "లారీలోంచి చువ్వలు దించుతుంటే వచ్చే చప్పుడు గదా ఇది. దీనికి కరెంటు దండగ."

అన్నయ్య క్యాసెట్టు రెండో వైపు కూడా అయిపోయేదాకా గోడకి ఆనుకుని కూర్చున్నాడు. తర్వాత నాతో అన్నాడు. "మా మిల్లు అచ్చం ఇలాగే ఉంటదే. లోపల ఎట్టా ఉంటదో మీకు చెబుదామంటే ఒక్కరోజూ చాతకాలేదు. వీళ్ళెవరో చెప్పారు చూడు."

నాకు మొదట్లో తలనొప్పే వచ్చింది. అయినా అన్నయ్య ముఖం అలా వెలగడం అంతకుముందు చూడలేదు కాబట్టి మళ్ళీ విన్నాను. నాలుగైదుసార్లు విన్నాక ఒకచోట సుత్తి హఠాత్తుగా ఆగిపోతుందని, అక్కడ ఎవరో ఊపిరి పీల్చిన చప్పుడు వినిపిస్తుందని తెలిసింది. ఆ ఊపిరి కోసం కాచుకుని కూర్చునేదాన్ని. మా ఇంటి చుట్టూ పొద్దుటినుంచీ రాత్రిదాకా ఇనుము మోగుతూనే ఉండేది. స్నేహితురాళ్ళు మా ఇంటికొస్తే ఆ మోతకి సిగ్గుపడేదాన్ని. ఆ క్యాసెట్టు విన్నాక సిగ్గు పోయింది. లోకంలో ఎక్కడో తెలివైనవాళ్ళు ఆ మోతని కూర్చుని విన్నారు, దాంట్లో ఏదో ఉందని తేల్చారు, అని గర్వం కూడా వచ్చింది. ఆ బ్యాండు పేరు పలకడానికి మా ఇద్దరికీ నోరు తిరగలేదు. రేకులవాళ్ళు అనుకునేవాళ్ళం.

నేను అప్పుడు నందిగామ కాలేజీలో డిగ్రీ చదువుతున్నాను. రోజూ చిల్లకల్లు మీదుగా బస్సులో వెళ్ళొచ్చేదాన్ని. క్యాసెట్టు అరిగిపోతుందేమో, ఇంకో కాపీ తీయించమని అన్నయ్య నా చేతికిచ్చాడు. బస్టాండుకెదురుగా సందులో క్యాసెట్ల కొట్టతను సినిమా పాటలు రికార్డు చేసిచ్చేవాడు. పెనుగంచిప్రోలు తిరనాళ్ళకి మైకులు కూడా కట్టేవాడు. కాపీ తీస్తూ విని, బల్ల మీద చెయ్యి పెట్టి కదలకుండా ఉండిపోయాడు.

"ఎవరిదమ్మా ఇది? ఎక్కడ దొరికింది?"

చెప్పాను.

"మీ అన్నయ్యని ఒకసారి రమ్మను చెల్లెమ్మా. డబ్బులొద్దు. నాకూ ఒక కాపీ ఉంచుకుంటా."

అలా మొదలైంది. సెలవు రోజుల్లో అన్నయ్య నందిగామ వచ్చేవాడు. నా క్లాసులయ్యాక ముగ్గురం ఆ కొట్లో కూర్చునేవాళ్ళం. ఒక చప్పుడు రంపానిదా, గొలుసుదా అని వాదించుకునేవాళ్ళం. టీ తెప్పించేవాడు కొట్టతను. హైదరాబాదు వెళ్ళినప్పుడల్లా ఆ బ్యాండు గురించి ఎక్కడన్నా ఏమన్నా వచ్చిందా అని ఇంగ్లీషు పత్రికలు తిరగేసేవాడు. సినిమా పాటల కోసం వచ్చినవాళ్ళు మా మోత విని "ఏంటండీ, మిషను రిపేరా?" అంటే, "ఇది మీకు ఇంకో ఇరవయ్యేళ్ళకి అర్థమవుతదండి" అని పంపేసేవాడు. మాకు ముగ్గురికీ అదొక గొప్ప. కాలేజీలో అమ్మాయిలు కొత్త సినిమా గురించి మాట్లాడుకుంటుంటే నేను లోపల నవ్వుకునేదాన్ని.

తర్వాతెప్పుడో కొట్టతను చెవులకి పెట్టుకునే హెడ్‌ఫోన్లు కొన్నాడు. అవి అన్నయ్యకి ఎంత నచ్చాయంటే, కొన్నాళ్ళకి ఇంటికి తెచ్చుకునేంత. "ఉంచుకో గురూ, నాకంటే నీకే అవసరం" అన్నాడతను.

అన్నయ్య చెవిలో గుయ్యిమంటోందని మొదటిసారి చెప్పింది అంతకు ముందే. మిల్లు దగ్గర చేరిన రెండో ఏడు. రాత్రి షిఫ్టు చేసొస్తే మర్నాడు మధ్యాహ్నందాకా ఆ గుయ్యిమనడం పోదనేవాడు. తర్వాత అసలు పోవడం మానేసింది. అమ్మ పిలిస్తే పలికేవాడు కాదు. "వీడికి పొగరెక్కింది" అన్నాడు నాన్న. టేపు రికార్డరు సౌండు వారం వారం కొంచెం పెంచుకుంటున్నాడని కనిపెట్టింది నేనొక్కదాన్నే. నేను వినే ఆ ఊపిరి చప్పుడు అతనికి వినిపించడం మానేసింది. "అక్కడేం లేదే, నీ భ్రమ" అన్నాడొకరోజు. అంతకు ముందు అదే ఊపిరి గురించి ఇద్దరం మాట్లాడుకున్నాం.

అమ్మ వేదాద్రి తీసుకెళ్ళి కృష్ణలో మూడు మునకలు వేయించింది. చెవుల్లోకి నీళ్ళు పోయి ఇంకా దిబ్బడేశాయి. అప్పుడు నాన్న బెజవాడలో చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. లోపలి నరం దెబ్బతిందని, మిల్లు మోతే కారణమని, వెంటనే అక్కణ్ణించి మార్పించుకోకపోతే ఉన్నది కూడా పోతుందని ఆయన చెప్పాడు.

అన్నయ్య స్టోర్సులోకి మార్చమని ఫ్యాక్టరీలో అడిగాడు. అంతకు మించి ఏమీ అడగలేదు. వాళ్ళు మాత్రం భయపడ్డారు. ఒకడి చెవులు మిల్లు వల్ల పోయాయని ఒప్పుకుంటే వెనకాల వరసకట్టే వాళ్ళెందరో వాళ్ళకి తెలుసు. విచారణ పెట్టారు. ప్రశ్నలు అన్నయ్య చెవి దగ్గర గట్టిగా చెప్పడానికి నాన్న నన్ను కూడా తీసుకెళ్ళాడు.

ఆఫీసు గదిలో ఫ్యాన్ల కింద ముగ్గురు అధికారులున్నారు. ఎదురుగా కుర్చీలో నందిగామ క్యాసెట్ల కొట్టతను కూర్చునున్నాడు. మా కోసమే వచ్చాడనుకుని నేను నమస్కారం పెట్టాను. అతను తల ఊపి, కిటికీ వైపు చూశాడు. ఫ్యాక్టరీ కాలనీలో మైకులు కట్టే, వీడియో సినిమాలు వేసే పని ఆ నెలలోనే అతనికి అప్పగించారని మాకు తర్వాత తెలిసింది.

"ఇతను మీ కొట్లో పాటలు వినేవాడా?" అని అడిగాడు పెద్ద అధికారి.

"వినేవాడండి."

"ఎలా?"

"హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ఫుల్లు సౌండులో వినేవాడండి. గంటలు గంటలు."

"ఎలాంటి పాటలు?"

"పాటలు కాదండి. మోత."

అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. నేను అన్నయ్య చెవి దగ్గర వంగి ఆ మాటలన్నీ మళ్ళీ చెప్పాలి. చెప్పాను. "పాటలు కాదండి, మోత" అన్నది కూడా నా నోటితోనే చెప్పాను. అన్నయ్య నా ముఖంలోకి చూశాడు, నేను తప్పు విన్నానేమోనన్నట్టు.

క్యాసెట్టు కూడా తెప్పించి పెట్టారు. ఆ రేకులు, సుత్తి దెబ్బలు ఆ గదిలో మోగుతుంటే ఒకాయన నవ్వాపుకోలేక రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. నేను ప్రాణంగా చూసుకున్న ఊపిరి చోటు రాకముందే ఆపేశారు.

నాన్న లేచి నిలబడ్డాడు. జన్మలో ఎవరికింద పని చెయ్యని మనిషి చేతులు కట్టుకున్నాడు. "బాబూ, ముందు మిల్లులో పోయినయ్యండి చెవులు. పోయినయ్ కాబట్టి సౌండు పెంచుకున్నాడండి. వాడి చెల్లెలు చూసింది."

"చెల్లెలు కాక ఇంకెవరన్నా చూశారా?" అన్నాడు అధికారి.

అన్నయ్య నా వైపు తిరిగి ఏమన్నాడని అడిగాడు. నేను చెప్పేలోపు తనే అందుకున్నాడు. చెవులు పోతున్నవాళ్ళు మాట్లాడినట్టే, అవసరానికి మించి గట్టిగా అన్నాడు. "సార్, అదీ ఇదీ ఒకటే చప్పుడండి. మిల్లులో ఎనిమిది గంటలుంటా. ఇంట్లో గంట వింటా. ఆ గంటకే చెవులు పోయినయ్యంటే ఎట్టాగండి?"

"అక్కడ జీతానికి వింటున్నావు, ఇక్కడ సరదాకి వింటున్నావు. సరదాకి కంపెనీ బాధ్యత వహించదు గదయ్యా" అన్నాడాయన. పక్కవాళ్ళు తలలూపారు.

మూడు వారాలకి అన్నయ్య పనికి పనికిరాడని తేల్చి ఇంటికి పంపేశారు. స్టోర్సు లేదు, ఏదీ లేదు. అతని చోట మిల్లు దగ్గరికి పెనుగంచిప్రోలు కుర్రాడొకడు వచ్చాడు. అతనికీ దూదే.

నాన్న గల్లాపెట్టె దగ్గర చోటిచ్చాడు. అన్నయ్య మళ్ళీ ఆ బ్యాండు మాట ఎత్తలేదు. వినిపించదు కాబట్టి ఎత్తలేదో, ఎత్తాలనిపించకో నాకు తెలియదు. నేను అడగలేదు. కొనేవాళ్ళు వేళ్ళతో సైగ చేసి చెప్పేవారు. కొందరు వెటకారంగా రేకు మీద టకటకా కొట్టి పిలిచేవారు. అతను తల తిప్పేవాడు కాదు.

నా చదువైపోయింది. నందిగామలోనే ఒక ప్రైవేటు స్కూల్లో టీచరుగా చేరాను. ఆ సందువైపు వెళ్ళడం మానేశాను. ఎనభైలు ముగుస్తుండగా ఒకరోజు స్కూలు వార్షికోత్సవానికి పాటల క్యాసెట్లు తీసుకురమ్మని హెడ్‌మాస్టరు పంపితే వెళ్ళక తప్పలేదు. కొట్టు పెద్దదైంది, అద్దాల బీరువాలు వచ్చాయి. కాలేజీ కుర్రాళ్ళు ఐదారుగురు చుట్టూ చేరి ఉన్నారు. అతను ఏదో ఇంగ్లీషు పత్రిక తెరిచి వాళ్ళకి చూపిస్తున్నాడు.

"వీళ్ళే. ఈ సంగీతానికి మూలపురుషులు వీళ్ళే. ఈ జిల్లా మొత్తంలో మొదట విన్నది నేను. ఎనభై రెండో, మూడో. అప్పుడు అందరూ నన్ను పిచ్చోణ్ణన్నారు తెలుసా?"

కుర్రాళ్ళు అతని వైపు ఆరాధనగా చూస్తున్నారు. అతను నన్ను గుర్తుపట్టాడు. గొంతు ఒక్క క్షణం తడబడింది, అంతే. "రా చెల్లెమ్మా, చూడు, మనవాళ్ళ ఫొటో" అన్నాడు.

చూశాను. అన్నేళ్ళు ముఖాలు తెలియకుండా అభిమానించినవాళ్ళని అదే చూడటం. బక్కగా, తెల్లగా, శుభ్రమైన చొక్కాలతో చదువుకున్న ఇళ్ళ పిల్లల్లా ఉన్నారు. స్టేజీ మీద రేకులు, పీపాలు, సుత్తులు. ఇద్దరి చెవులకి లావుపాటి మూతలు బిగించి ఉన్నాయి. ఫ్యాక్టరీలో విదేశీ ఇంజనీరు మిల్లు దగ్గరికొచ్చినప్పుడు మోత చెవుల్లోకి పోకుండా పెట్టుకునేవాడని అన్నయ్య చెప్పిన మూతలు అలాంటివే అయ్యుండాలి.

"ఆ చెవులకేంటి సార్?" అని ఒక కుర్రాడు అడిగాడు.

"స్టైలురా" అన్నాడతను.

నేను స్కూలు క్యాసెట్లు తీసుకుని వచ్చేశాను. ఇంటికెళ్ళాక కొట్లో అన్నయ్యకి ఎదురుగా కూర్చుని, పెదవులు స్పష్టంగా కదుపుతూ ఆ ఫొటో గురించి చెప్పాను. చెప్పకుండా ఉండాల్సిందేమో. అతనితో తప్ప ఇంకెవరితో చెప్పుకోను?



"బాగా వాయిస్తారే వాళ్ళు" అన్నాడు అన్నయ్య.

ఆ తర్వాత ఎవరో వచ్చి వేళ్ళతో నాలుగు చూపించారు. అన్నయ్య లేచి నాలుగు కిలోల మేకులు తూచాడు. కాటా పళ్ళెంలో మేకులు గలగలమంటూ పడ్డాయి. నాన్న, నేను ఆ చప్పుడు వింటూ కూర్చున్నాం.