ఎవురితోనూ కాని తాళం

రాహేలు టీచరమ్మకు రిటైరయ్యాక తాళాల పిచ్చి పట్టుకుంది. ఈ వయసులో ఇదేం విడ్డూరమని జమ్మలమడుగులో ఆమె వీధంతా ముక్కున వేలేసుకుంది. మొదలైంది మాత్రం చిన్న విషయంతోనే. పక్కింటి జానీబీ పెట్టె తాళంచెవి పోగొట్టుకుని నెత్తీనోరూ కొట్టుకుంటుంటే, రాహేలు జడపిన్ను పెట్టి ఊరికే కెలికింది. టక్కున ఊడింది.

"యా అల్లా! ఇన్నాళ్లూ బడిలో పాఠాలే చెప్పినావా, ఇంకేమన్నా చేసినావా టీచరమ్మా?" అని జానీబీ పగలబడి నవ్వింది. రాహేలూ నవ్వింది. ఆమె అట్లా నవ్వి ఎన్నేళ్లయిందో!

జడపిన్నుతో ఎన్నాళ్లని నెట్టుకొస్తుంది? మంచి పనిముట్లు కొనుక్కోవాలని ఒక ఉదయం ప్రొద్దుటూరు బస్సెక్కింది. కొంటే అమీర్ బాషా దగ్గరే కొనాలి. తాళాల పనిలో అతన్ని మించినవాడు ఆ చుట్టుపక్కల లేడు. పైగా ఒకప్పుడు ఇద్దరిదీ ఒకే ఊరు, ముద్దనూరు దగ్గర ఒక పల్లె. ఇద్దరూ ఆ ఊరు వదిలి ఇరవై ఆరేళ్లయింది. ఎందుకు వదిలారో చెప్పాలంటే ఆ పాడు ఎన్నికల సంగతి చెప్పాలి.

ఆ రోజుల్లో ఆ పల్లెల్లో ఒక అలవాటుండేది. పోలింగు దగ్గరపడితే, పార్టీలో తిరిగే మగవాళ్లను ఇంట్లో పెట్టి ఆడవాళ్లు బయట తాళం వేసేవాళ్లు. అవతలి వర్గం వచ్చి చూస్తే ఇంట్లో ఎవరూ లేరనుకుని వెళ్లిపోవాలి. రాహేలు భర్త సుందరం ఒక పార్టీకి బూత్ ఏజెంటు. కత్తి పట్టినవాడు కాదు, ఓటర్ల జాబితా పట్టినవాడు, అంతే. అయినా ఆమెకు భయం. పోలింగుకు ముందురోజు "ఎవురు పిల్చినా పలకద్దు" అని ఒట్టు పెట్టించుకుని, బయట తాళం వేసి, చెవి కొంగున ముడేసుకుని బోరింగుకు నీళ్లకు పోయింది.

బిందె నిండకముందే బాంబులు పేలాయి. ఎవరో ఎవరి గడ్డివామికో నిప్పు పెట్టారు. గాలికి ఆ నిప్పు లేచి రాహేలు వాళ్ల గడ్డి కప్పు మీద పడింది. రాహేలు బిందె వదిలేసి పరుగెత్తుకొచ్చి కొంగు చూసుకుంటే ముడి ఊడిపోయి ఉంది. చెవి లేదు. ఇంటికున్నది ఒకటే తలుపు.

రాయి తీసుకుని తాళాన్ని కొట్టింది. లోపల సుందరం దగ్గుతున్నాడు. "రాహేలూ, బిరీన తియ్యి మే" అన్నాడు.

వీధిలో ఒక్క తలుపూ తెరిచి లేదు. అప్పటికే తాళాల పని చేస్తూ నాలుగిళ్ల అవతల ఉన్న అమీర్ బాషా ఇంటికి పోయి తలుపు బాదింది. తలుపు తెరుచుకోలేదు, మాట మాత్రం వచ్చింది. "అది ఆరు లివర్ల తాళం టీచరమ్మా! నాతో కాదు. అది ఎవురితోనూ కాదు. గడ్డపార తెప్పించుకో!" ఆ మాట వెనకే లోపల పసిబిడ్డ ఏడుపు వినిపించింది.

గడ్డపార వచ్చేసరికి పావుగంట దాటింది. అప్పటికి సుందరం దగ్గు ఆగిపోయింది.

చెవి పోగొట్టిన పాపం తనదే. కానీ ఎవరితోనూ కాని తాళానికి ఎవరేం చేస్తారు? ఇన్నేళ్లూ ఆ ఒక్క మాట పట్టుకునే రాహేలు అన్నం తింది, నిద్రపోయింది.

ఇప్పుడు ప్రొద్దుటూరు అంగట్లో కూర్చున్న అమీర్ బాషా తల పూర్తిగా నెరిసిపోయింది. ఆమెను చూడగానే లేచి నిలబడ్డాడు.

"తాళాలు తీసేది నేర్చుకుంటాండా బాషా. మొదట ఏ సెట్టు కొనాల?"

"నువ్వా! ఎందుకమ్మా?"

"ఊరికే, పొద్దుపోయేదానికి."

అతను జిప్పు సంచిలో ఇరవై నాలుగు పుల్లలున్న సెట్టు తీసి పరిచాడు. ఆమె జవాబుపత్రాలు దిద్దినట్టు ఒక్కొక్కటే తీసి చూసింది. "ఇన్నెందుకప్పా? నాకుండేది రెండు చేతులే కదా."

బాషా నవ్వాడు. "నిజమేనమ్మా. కొత్తోళ్లు సంచి చూసి మోసపోతారు. కొక్కెం ఒకటి, ఒత్తిపట్టే పట్టీ ఒకటి ఉంటే సాలు. బలం పెట్టగూడదు, యేలికి తెలియాల."

ఆమె చూపు అతని వెనక మేకుకు వేలాడుతున్న రెండు లావు తీగల మీద పడింది. "అవేంది?"

"పాత లివరు తాళాలకు. నీకొద్దులే."

"ఆరు లివర్లదానికి కూడా పనికొస్తాయా? నా దగ్గర ఒకటుంది."

బాషా ముఖాన నెత్తురు చుక్క లేదు. ఆమె అవే కావాలని పట్టుబడితే, తలెత్తకుండా కాగితంలో చుట్టి ఇచ్చాడు.

ఆ తాళం ఆమె పెట్టెలో అడుగున ఉంది. గడ్డపారకు గొళ్లెంతో సహా ఊడి వచ్చింది, మూసింది మూసినట్టే ఉంది. అది తెరుచుకోకూడదు. చేతిలో పనిముట్లుండీ తెరుచుకోకపోతే, ఆ రోజూ తెరుచుకునేది కాదు. ఆమెకు కావలసింది అంతే. పులివెందులలో ఉన్న తన చెల్లెలు పంపిన తుప్పు తాళాల మీద రెండు నెలలు చెయ్యి తిప్పుకుంది. ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి, మధ్యాహ్నం గుమ్మంలో కూర్చుని, ఆ తాళం ఒళ్లో పెట్టుకుంది.

అలవాటు కొద్దీ కీర్తన కూనిరాగం తీస్తూ, ఒక తీగతో ఒత్తిపట్టి, రెండోదానితో లోపలి రేకులు ఒక్కొక్కటే లేపింది. రెండో చరణం పూర్తికాలేదు. తాళం ఊడింది.

చూపు ఆనని ముసలిదాని చేతిలో, నిన్నగాక మొన్న పని నేర్చినదాని చేతిలో! కూర్చున్నచోటే ముందుకు వాలిపోయి, గొంతు పోయేదాకా ఏడ్చింది. "అబద్ధం చెప్పినావు గదరా బాషా! మనిషిని చంపినావు గదరా!"

మరునాడు తాళం సంచిలో వేసుకుని ప్రొద్దుటూరు పోయింది. వీధిలో అందరూ వినేలా అడగాలనుకుంది. చొక్కా పట్టుకోవాలనుకుంది.

అంగట్లో ఒక పిల్ల బాషాకు అన్నం గిన్నె విప్పుతోంది. నిండు చూలాలు. రాహేలును చూసి నవ్వి కుర్చీ జరిపింది.

"నా బిడ్డమ్మా, మైమూన్" అన్నాడు బాషా. "ఆ ఎలక్షన్లప్పటికి... పుట్టి మూడు దినాలు."

తలుపు వెనక వినిపించిన ఏడుపు ఈ పిల్లదే. రాహేలు ఆ పిల్ల ముఖం వంకే చాలాసేపు చూసింది.

"ఆ తాళం... వచ్చిందా టీచరమ్మా?" అన్నాడు బాషా, నేల చూస్తూ.

రాహేలు సంచి మూతి గట్టిగా పట్టుకుంది.

"రాలేదు బాషా. నువ్వు చెప్పిందే నిజం. అది ఎవురితోనూ కాదు."

అది తెరుచుకుంటుందని బాషాకు తెలుసు. ఆమె బిగించి పట్టుకున్న సంచి చూశాక, అబద్ధం చెప్పిందనీ తెలిసింది. భుజం మీది తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. "ఏమయింది నాయనా?" అని మైమూన్ అడుగుతూనే ఉంది.

బస్సులో రాహేలు తాళం బయటికి తీసింది. రాలేదన్న మాటను నిజం చెయ్యాలని మూయబోయింది. లోపల సుందరం ఉన్నట్టే అనిపించి, మూయడానికి చెయ్యి రాలేదు.