ఇంటి కంప్యూటర్‌కి రెండు తాళాలు

మా స్టీలు ప్లాంటులో కన్వేయరు బెల్టు మరమ్మతుకి దిగేవాళ్ళకి ఒక నియమం ఉంది. ముందు కరెంటు ఆపి, ఆ స్విచ్చికి ప్రతి మనిషీ తన సొంత తాళం వేస్తాడు. ఐదుగురు దిగితే ఐదు తాళాలు. పని ముగించి పైకి వచ్చాక ఎవరి తాళం వాళ్ళే తీసుకోవాలి. ఇంకొకరి తాళం మీద చెయ్యి వెయ్యడం మా దగ్గర పెద్ద తప్పు. ఒకసారి ఒకాయన తాళంచెవి జేబులో వేసుకుని అనకాపల్లి వెళ్ళిపోతే, ఆయన్ని వెతికి వెనక్కి తీసుకొచ్చేదాకా బెల్టు కదల్లేదు. సంగీతంలో తాళం నాకు అంతుపట్టలేదు గానీ ఈ తాళం మాత్రం ఒంటికి పట్టేసింది. ఇంట్లో కంప్యూటర్ దగ్గర కూడా అదే బుద్ధి చూపించాను.

గాజువాకలో మా రెండు గదుల ఇంట్లో ఆ కంప్యూటర్ బీరువా కంటే ఎక్కువ చోటు తినేది. పిల్లల చదువు కోసం కొన్నానని అందరికీ చెప్పేవాణ్ణి. అందులో పేకాట ఆడింది ఎక్కువగా నేనే. నిజంగా విలువైనది దానిలో ఒక్కటే ఉండేది, మా తమ్ముడి ఫొటో. భీమిలి ఒడ్డున పడవకి ఆనుకుని వల బాగుచేసుకుంటూ, "ఏటి, ఆపీసరుగోరు పొటోలు తీత్తన్నారు!" అని నన్ను ఎగతాళి చేసి నవ్వుతుండగా తీసింది. కెమెరా నా షిఫ్టులో పనిచేసే జతగాడిది. అందులోంచి ఆ బొమ్మ ఎప్పుడో చెరిగిపోయింది. మా ఇంట్లో నాన్న తర్వాత సముద్రం పని పట్టుకున్నది తమ్ముడొక్కడే. ఆ మరుసటి వానాకాలం పడవ తిరిగొచ్చింది. మిగతావాళ్ళూ వచ్చారు. తమ్ముడు రాలేదు. ఏ ఒడ్డుకీ చేరలేదు.

ఏడాది కావస్తుంటే పెద్దవాళ్ళు సంవత్సరీకం పెట్టాలన్నారు. దండ వెయ్యడానికి ఫొటో కావాలి. ఓటరు కార్డు మీద బొమ్మ అమ్మకి నచ్చలేదు. "అందులో జైలు నుంచి వొచ్చినోడినాగున్నాడు. ఆ నవ్వుతన్నది కట్టించు," అంది.

ఆ ఫొటో పెన్‌డ్రైవ్‌లో వేసుకుని స్టూడియోకి వెళ్ళాను. అక్కడ అది తెరుచుకోలేదు. ఇంటికొచ్చి పెన్‌డ్రైవ్‌ని మళ్ళీ కంప్యూటర్‌కి తగిలించాను. ఫొటో ఇచ్చి వైరస్‌ని తెచ్చుకున్నానని అప్పటికి నాకు తెలీదు. మర్నాటి నుంచి తమ్ముడి ఫొటో ఉన్న ఫోల్డర్ ఎన్నిసార్లు నొక్కినా తెరుచుకోవడం మానేసింది.

"యాంటీవైరస్ ఎయ్యలేదేటి బావా?" అన్నాడు జతగాడు. "తలుపుల్లేని ఇల్లు కట్టుకుని దొంగలొచ్చారంతన్నావ్."

"కొనాలా?"

"ఫ్రీవి ఉన్నాయి. నెట్ సెంటర్లోన సీడీకి ఎక్కించి తెత్తాను. ఏదో ఒకటి ఎయ్యి."

రెండు తెచ్చాడు. ఒకటి ప్రతిదానికీ ఎర్రగా మండిపడి కేకలు పెట్టే రకం. రెండోది మూల కూర్చుని నోరెత్తని రకం. ఏది మేలో తేల్చుకోలేకపోయాను. ఉచితంగా వచ్చినదాన్ని వద్దనడం అనుచితం అనిపించింది. పైగా తాళాలు ఎన్ని ఉంటే అంత మంచిదన్నది నా ఉద్యోగం నేర్పిన చదువు. రెండూ వేశాను. కంప్యూటర్ కొయ్యబారిపోయింది. తెర మీద బాణం గుర్తు కూడా కదల్లేదు.

ఆదివారం పొద్దున్న జతగాడు వచ్చాడు. అమ్మ మా వెనక పీట వేసుకుని కూర్చుంది.

"రెండూ ఎట్టీసావా!" అని తల పట్టుకున్నాడు.

"ప్లాంటులో అలాగే కదా వేస్తాం."

"ప్లాంటుల తాళాలు ఒకదాన్నొకటి కరుసుకోవు బావా. ఇయి ఒకదాన్నొకటి దొంగనుకుని పీకలట్టుకున్నాయి. ఒకటి తీసీయాల. నీ మిసను, నువ్వే సెప్పు."

నోరున్నదాన్ని ఉంచమన్నాను. సైరను మోగని చోట నేను నిలబడలేను. రెండోదాన్ని తీసేశాక, ఉన్నది లోపలంతా వెతకడం మొదలుపెట్టి తమ్ముడి ఫోల్డర్ దగ్గర ఆగి కేక పెట్టింది. ఇది వైరస్, చెరిపెయ్యనా అని అడిగింది.

"అది వైరస్ కాదు, మా తమ్ముడిది," అన్నాను.

"ఆడిది కాదు బావా. ఆడి పేరెట్టుకుని కూకుందిది. అసలుదాన్ని ఇదే దాసీసింది. సెరిపెయ్యి."

"నువ్వు నొక్కు."

"నాను నొక్కను. నీ తమ్ముడు."

నొక్కాను. ఫోల్డర్ మాయమైంది. అది ఉన్న చోట తెల్లటి ఖాళీ మిగిలింది.

"ఏటి నాయినా," అంది అమ్మ వెనకనుంచి, "పోనాడా?"

ఆ మాట ఏడాదిగా మా ఇంట్లో ఎవరూ అమ్మ ముందు అనలేదు.

"లేదత్తా, సూడు," అని జతగాడు ఎక్కడో ఏదో నొక్కాడు. దాచినవన్నీ చూపించమని చెప్పే ఏర్పాటు ఒకటి ఉందట. ఖాళీ చోటులో, ఉతికి ఉతికి వెలిసిపోయిన చొక్కా రంగులో, అదే ఫోల్డర్ మళ్ళీ కనబడింది. తెరిస్తే తమ్ముడు నవ్వుతున్నాడు.

అమ్మ పీట మీంచి లేచి ముక్కు తెరకి తగిలేంత దగ్గరికి వచ్చింది. "ఇంతసేపూ ఇక్కడే ఉన్నాడా?"

"ఇక్కడే ఉన్నాడత్తా. కనబడలేదంతే."

వాడు చెప్పింది కంప్యూటర్ సంగతి. అమ్మ కొంగుతో తెర మీద దుమ్ము తుడిచింది. పటం కట్టించి తెచ్చాను. సంవత్సరీకం రోజు దండ వెయ్యబోతుంటే నా చెయ్యి పట్టుకుంది.

"దండొద్దు. ఒట్టినే ఎట్టు."

పెద్దవాళ్ళు గొడవపడ్డారు. మా చిన్నాన్న నన్ను పక్కకి తీసుకెళ్ళి, "సదువుకున్నోడివి, నువ్వన్నా సెప్పరా మీ అమ్మకి," అన్నాడు. వంటల పొయ్యి ఆరిపోతోంది. చుట్టాలందరూ నా వైపు చూస్తూ ఆగిపోయారు. నాకు ఎందుకో బెల్టు దగ్గర అనకాపల్లి వెళ్ళిన మనిషి కోసం ఎదురుచూసిన ఆ పూట కళ్ళముందు కదిలింది. స్విచ్చికి ఒక్క తాళమే మిగిలింది. విరగ్గొట్టడానికి మా దగ్గర సుత్తులకేం కొదవలేదు. అయినా ఆయన వచ్చేదాకా కూర్చున్నాం.

దండ తీసుకెళ్ళి వినాయకుడి పటానికి వేసి, తమ్ముడి పటం దుమ్ము తుడిచి మేకుకి తగిలించాను.