బావ చూపుడువేలు

మా అక్క మొగుడు పచ్చి తిండి మనిషి. బాన్సువాడలో వాళ్లింటికి ఎప్పుడు పోయినా కీర, క్యారెట్ ముక్కల మీద పోసుకోవడానికి ఒక చిక్కటి పచ్చి రసం ఉండేది. నానబెట్టిన నువ్వులు, కొత్తిమీర, పచ్చిమిర్చి, నిమ్మరసం, అంతే. ఆయన దాన్ని డ్రెస్సింగ్ అనేవాడు. మిక్సీలో వేస్తే చిటికెలో అయిపోయే పని. కానీ మిక్సీ తిరిగితే వేడెక్కి అందులోని బలమంతా చస్తుందట. అందుకని అక్క రోజూ రోట్లో నూరాలి. ఆయన మాత్రం కుర్చీలోంచి లేవడు. గిన్నె రాగానే చూపుడువేలు మడిచి, దాని వెనకభాగం గిన్నెకు ఆనించి చూసేవాడు, పసిపిల్లకు జ్వరం చూసినంత నెమ్మదిగా. ఆ వేలు చూస్తేనే నాకు ఒళ్లుమంట.

మొన్న వానాకాలం అక్కకు జ్వరమని తెలిసి బీర్కూర్ నుంచి బస్సెక్కి పోయాను. అప్పటికే రోటి ముందు కూర్చుని ఉంది. నేను నూరతానన్నాను.

"నీ నూరుడు మీ బావకు నచ్చదే" అంది.

నూరింది. స్టీలు గిన్నెకెత్తి, రెండు చేతులతో పట్టుకుని తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఆయన వేలు ఆనించాడు.

"గిదేంది, వేడున్నది? మిక్సీల ఏసినవా?"

"లేదు, రోట్లనే నూరిన."

"అబద్ధాలు చెప్పకు. పారబోసి మల్ల నూరు."

అక్క గోడ పట్టుకుని నిలబడింది. నేనిక ఆగలేకపోయాను.

"బావా, గా వేలు ఒక్కసారి అక్క చెయ్యికి ఆనిచ్చి సూడు."

ఆయన మళ్లీ గిన్నెనే ముట్టుకున్నాడు.

"ఇగో, ఇప్పుడు సల్లగైంది" అని ముక్కల మీద పోసుకున్నాడు.