విమానం షేరూ, మేనమామ ఒళ్లూ

కరోనా తగ్గి విమానాలు మళ్లీ నిండుతున్న రోజులవి. దుబాయ్‌లో ఒక షేర్ల కంపెనీలో నాది ఎనలిస్టు ఉద్యోగం. ఏ విమాన సంస్థ బాగుపడుతుందో, ఏది దెబ్బతింటుందో ముందే చెప్పాలి. ఒక సంస్థ షేరు కొనమనాలా వద్దా అన్నది తేలక, మా ముదీర్, అంటే మేనేజరు, నన్ను పిలిచాడు. "టికెట్ రేట్లు ఇంత పెరిగాయి కదా, ఇక్కడ పనిచేసే మీ తెలుగువాళ్లు కొంటారో మానేస్తారో వెళ్లి కనుక్కో. నీకు వాళ్ల భాష వచ్చు" అన్నాడు.

దుబాయ్‌లోనే నైఫ్ బజారులో ఒక ట్రావెల్స్ షాపుకు రెండు ఆదివారాలు వెళ్లాను. టికెట్‌కి వచ్చినవాడిలా పాస్‌పోర్టు చేత్తో పట్టుకుని, చల్లకొచ్చి ముంత దాచినట్టు కూర్చున్నాను.

అక్కడ పరిచయమయ్యాడు అతను. షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో వెల్డరు, ఊరు జగిత్యాల దగ్గర. తెలుగులో పలకరించగానే సంబరపడిపోయి, వద్దంటున్నా నాకు చాయ్ తెప్పించాడు. చెల్లెలి కొడుక్కి వేములవాడలో పుట్టెంట్రుకలు తీయిస్తారట. మేనమామ ఒళ్లో కూర్చోబెట్టి తీయాలి. ఆమెకు తోడబుట్టినవాడు ఇతనొక్కడే.

"రేటు ఇంకా పెరిగితే?" అన్నాను.

"ఎంతైనా పోవాలె అన్నా. నేను పోకుంటే పోరన్ని ఎవలి ఒళ్లె కూసోబెడ్తరు?"

ఆ మాటను ఫోన్లో రాసుకున్నాను. నేనేం పని చేస్తానని అడిగాడు. విమాన కంపెనీల వ్యవహారాలు చూస్తానని గొప్పకు పోయాను.

"అట్లనా? అయితే మీ పెద్దోళ్లకు చెప్పుండ్రి అన్నా, మాసొంటోళ్లకు రేటు జర తగ్గియ్యమని."

"చెప్తాను. కొన్నాళ్లు చూడు" అన్నాను.

నా మాట వినే పెద్దవాళ్లెవరూ లేరని అప్పుడే చెప్పొచ్చు. కానీ అతను నావైపు చూస్తున్న చూపు బాగుంది. దాన్ని పోగొట్టుకోబుద్ధి కాలేదు.

రిపోర్టులో ఇలా రాశాను: ధర ఎంత పెరిగినా వీళ్లు ప్రయాణం మానుకోలేరు, కాబట్టి సంస్థకు మంచి రోజులు, షేరు కొనవచ్చు. షేరు పెరిగింది. ముదీర్ అందరి ముందూ మెచ్చుకుంటే తల వంచుకుని నవ్వాను. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

రెండు నెలల తర్వాత నిజంగానే టికెట్ కోసం ఆ షాపుకే వెళ్లాను. అతను మేనల్లుడికి బొమ్మ కారు కార్గోలో వేయడానికి వచ్చి ఉన్నాడు. ఊరెళ్లొచ్చావా అని అడిగాను.

"లేదన్నా. మీరు చెప్తనంటిరి గదా, తగ్గుతదని ఆగిన. ఆగినకొద్ది పెరిగింది. ఆఖరుకు నాతోని కాలే. మా చిన్నాయిన కొడుకు ఒళ్లె కూసోబెట్టిండ్రు."

వీళ్లు మానుకోలేరని ఎవరిని చూసి రాశానో ఆ మనిషే మానుకున్నాడు, అదీ నా మాట నమ్మి. సిగ్గుతో చచ్చిపోయాను. నిజం చెప్పేద్దామనే నోరు తెరిచాను. అంతలో అతనే నన్ను ఓదార్చాడు.

"మీరు చెప్పే ఉంటరన్నా. ఆళ్లే ఇని ఉండరు."

"అవును, వినలేదు" అన్నాను.

అతను మళ్లీ నాకు చాయ్ చెప్పాడు. తాగాను.