తాటిదుంగ మీద స్పార్టా

మొన్న ఆఫీసులో కొత్త కంప్యూటర్ ఆట కోసం మా కుర్రాళ్లు వేసిన బొమ్మ తెర మీద పెట్టేరు. ఎక్కడో పేరులేని గ్రహం, ఎర్రకొండల మధ్య ఒక్క మనిషి మాత్రమే పట్టే ఇరుకుదారి, దానికి అడ్డంగా నిలబడిన సిపాయి. కుడిచేతిలో వెలుగులు కక్కే తుపాకీ, ఎడమచేతికి గుండ్రటి డాలు, నెత్తిన తురాయి ఉన్న ఇత్తడి టోపీ. గ్రీసు చరిత్రని చుక్కల్లోకి తీసుకెళ్లాలన్న ఊహ మీకెలా వచ్చిందని అందరూ నన్నే అడుగుతుంటారు. అది నా ఒక్కదాని ఊహ కాదు. ఎనభైల్లో ఒక వేసవిలో, అమలాపురం దగ్గర మా ఊరి పంటకాలవ మీద పుట్టింది.

అప్పట్లో వేసవంటే బొటనవేలితో తోడుకు తాగే ముంజెలు, పెరటినిండా ఆవపిండి ఘాటు, సాయంత్రం చర్చిలో పాటల ప్రాక్టీసు, ఆ తరవాత మా సువార్త అత్తయ్య కథలు. అత్తయ్య హైస్కూల్లో సోషల్ టీచరు. నులకమంచం మీద కూర్చుని తల ఆరబెట్టుకుంటూ, సముద్రంలా వచ్చిపడిన పర్షియా సైన్యాన్ని కొండకీ సముద్రానికీ మధ్య ఇరుకుదారిలో గ్రీసుదేశపు స్పార్టా రాజు గుప్పెడుమందితో ఎలా ఆపేడో చెప్పేది. ఆవిడ నోట స్పార్టా వింటుంటే అది రాజోలు అవతల ఏదో ఊరనిపించేది.

ఆ ఏడు మా పెద్దమ్మ కొడుకు విక్టరన్నయ్య విశాఖపట్నం నుంచి వచ్చేడు. అక్కడ ఒక కొట్టులో బిళ్ల వేస్తే ఆడే పెట్టె ఉందనీ, ఆకాశంలోంచి దిగే శత్రువుల్ని మీటలు నొక్కి కాల్చొచ్చనీ చెప్పి మాకు నిద్రలేకుండా చేసేడు. రెండు కథలూ కలిసిపోవడానికి ఎంతోసేపు పట్టలేదు. కొబ్బరిమట్టలు తుపాకులయ్యేయి, అమ్మ చేటలు డాళ్లయ్యేయి, కొబ్బరిపీచు తురాయి అయ్యింది. లాకులు మూసేసిన కాలవలో మోకాలిలోతు బురదే గనక, దాని మీద వేసిన తాటిదుంగ వేరే గ్రహంలో మా ఇరుకుదారి అయ్యింది.

పక్కింటి ఏసుబాబుకి పోలియో వచ్చి ఒక కాలు సన్నబడిపోయింది. కబడ్డీలోకి, కోతికొమ్మచ్చిలోకి వాణ్ని ఎవరూ పిలిచేవారు కాదు. అత్తయ్య కథ అయ్యేక వాడు నెమ్మదిగా అడిగేడు.

"టీచరుగారండీ, ఆ రాజుగారు పరిగెట్టాలాండీ?"

"పరిగెట్టకూడదురా. నిలబడాలి."

మర్నాడు రాజు వాడే. చేట పట్టుకుని, మంచి కాలు దుంగకి తన్నిపెట్టి, ఎంతమందిమి మీదపడ్డా కదిలేవాడు కాదు. అవతలి గట్టు పిల్లలు కూడా వాణ్ని "రాజుగారండీ" అనడం మొదలెట్టేరు.

సెలవులు అయిపోతుండగా విక్టరన్నయ్య గొడవపెట్టేడు. చరిత్ర ప్రకారం రాజు చచ్చిపోవాలన్నాడు. మేమందరం గట్టు మీద నిలబడి "పడిపో, పడిపో" అని అరిచేం.

"నేను పడనన్నయ్యా," అన్నాడు ఏసుబాబు. "రోజూ ఎక్కడోచోట పడతానే ఉంటాను. ఇక్కడ మట్టుకు పడను."

అన్నయ్య వెళ్లి అత్తయ్యని పిలుచుకొచ్చేడు. పరీక్షలో సంవత్సరం తప్పు రాస్తే సున్నా వేసే మనిషి, చరిత్ర పక్షమే మాట్లాడుతుందనుకున్నాం. ఆవిడ దుంగ మీద వాడికేసి కాసేపు చూసింది.

"ఇది వేరే గ్రహం అన్నారు కదరా మీరే? అక్కడ రాజు ఎందుకు చావాలి?"

అన్నయ్య ముందు మొహం మాడ్చుకున్నాడు. తరవాత మట్టని కింద పెట్టి, ఏసుబాబుకి సెల్యూట్ కొట్టేడు. వాడు నవ్వలేదు. చీకటిపడి వాళ్లమ్మ కేకేసేదాకా దుంగ దిగలేదు.

కిందటేడు అత్తయ్య పోయిందని తెలిసి ఊరెళ్లేను. ఏసుబాబు మస్కట్ నుంచి వచ్చేడు. సమాధుల తోట నుంచి వస్తూ ఇద్దరం కాలవ దగ్గర ఆగేం. ఇప్పుడక్కడ రెండు లారీలు ఎదురెదురుగా దాటేటంత సిమెంటు వంతెన. వాడు చేతికర్ర ఆనించుకుని దాని నడిమధ్యకి వెళ్లి, అప్పుడు దుంగ మీద నిలబడ్డట్టే నిలబడ్డాడు. కొబ్బరిలోడు లారీ ఒకటి హారనైనా కొట్టకుండా పక్కనుంచి వెళ్లిపోయింది.